మూడోసారి రాకెట్టు ఎందుకు పక్కకు వాలింది?

పెద్దాపురంలో ఒక ఆదివారం సాయంత్రం అనుకోండి. పాండవుల మెట్ట వెనక ఎండ దిగిపోతోంది. మీరూ, మీ నేస్తాలూ కలిసి ఖాళీ మైదానంలో నీటి రాకెట్టుకు పంపు కొట్టి వదిలారు. మొదటి రెండుసార్లు గీత గీసినట్టు నిటారుగా లేచింది. మూడోసారి ఏమైందో ఏమో, పది మీటర్లు పోయాక పక్కకు వాలింది. కొబ్బరి మట్టకు కొట్టుకుని, గిరగిరా తిరుగుతూ వచ్చి కంకర కుప్ప మీద పడింది. ముక్కు సొట్టపోయింది. మూడు రెక్కల్లో ఒకటి ఊడి చేతికొచ్చింది. అట్ట తొడుగు ఒక పక్క చిరిగింది.

"పోనీరా, ఇంకోటి చేసుకుందాం" అంటాడు మీలో ఒకడు.

నిజమే, సీసా రేపే దొరుకుతుంది. కాని తొడుగు చుట్టడానికి, రెక్కలు కోయడానికి, ముక్కు చెక్కడానికి మీకు మూడు సాయంత్రాలు పట్టింది. ఆ పనంతా చెత్తకుప్పలో పడవలసిందేనా? అంతకంటే ముఖ్యమైన సంగతి మరొకటి ఉంది. రాకెట్టు ఎందుకు పక్కకు వాలిందో ఆ విరిగిన ముక్కలే చెప్పగలవు. వాటిని పారేస్తే, చేయబోయే రెండో రాకెట్టు కూడా మూడోసారి అలాగే వాలుతుంది.

నీటి రాకెట్టును ఎప్పుడూ చూడనివారికి రెండు మాటలు. రెండు లీటర్ల కూల్‌డ్రింకు ప్లాస్టిక్ సీసా తీసుకుని మూడో వంతు నీళ్ళు పోసి, మూతి కిందికి వచ్చేలా పీఠం మీద నిలబెడతారు. మూతికి బిగించిన వాల్వు గుండా సైకిలు పంపుతో గాలి నింపుతారు. దూరం నుంచి తాడు లాగితే పట్టు వదులుతుంది. లోపలి గాలి నీటిని కిందికి తోస్తుంది. నీరు కిందికి దూకుతుంటే రాకెట్టు పైకి లేస్తుంది. న్యూటన్ మూడో సూత్రం, మీ పుస్తకంలో ఉన్నదే. సీసా చుట్టూ అట్టతో చేసిన తొడుగు, దాని కింది అంచున మూడు రెక్కలు, పైన గుండ్రని ముక్కు ఉంటాయి. ఇదేదో పసిపిల్లల ఆట అనుకోకండి. మీ సీసా వ్యాసం సుమారు 11 సెంటీమీటర్లు. 1971 అక్టోబరు 9న మన శ్రీహరికోట నుంచి మొట్టమొదటగా ఎగిరిన రోహిణి-125 రాకెట్టు వ్యాసం 12.5 సెంటీమీటర్లు! పొడవులోను, బరువులోను పోలిక లేదనుకోండి.

మందుగుండుతో ఎగిరే నమూనా రాకెట్లు కూడా ఉన్నాయి. అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రంలో చెప్పుల దుకాణం నడిపిన ఆర్విల్ కార్లైల్ 1954లో అటువంటిది తయారుచేశాడు. కాగితపు గొట్టం, తేలిక చెక్క రెక్కలు, ప్రతిసారీ మార్చుకునే చిన్న మందు గొట్టం, ఇవే దాని భాగాలు. తరువాత అక్కడ అదొక పెద్ద సరదాగా మారింది. ఎగరవేయడం ఒక పూట పనైతే దెబ్బలు పూడ్చడం, రుద్దడం, రంగు వేయడం వారం రోజుల పని అక్కడివారికి. అది చదివి ఇంట్లో మందు కూరే ప్రయత్నం మాత్రం చేయకండి. లైసెన్సు లేకుండా మందుగుండు తయారుచేయడం 1884 నాటి పేలుడు పదార్థాల చట్టం ప్రకారం నేరం. చట్టం సంగతి అటుంచినా, వేళ్ళు పోతే మళ్ళీ రావు. నీటితో ఎగిరే రాకెట్టుకు కూడా అన్ని సూత్రాలూ వర్తిస్తాయి.

ముందు పంచనామా

విరిగిన రాకెట్టును ఇంటికి తేగానే జిగురు డబ్బా తీయకండి. పాత వార్తాపత్రిక పరిచి ముక్కలన్నీ దానిమీద పేర్చండి. ఏది ఎక్కడ దెబ్బతిన్నదో నోటుపుస్తకంలో రాయండి. కింద పడ్డాక తగిలిన దెబ్బలు వేరు, పడకముందే మొదలైన దెబ్బలు వేరు. ముక్కు మీది సొట్ట కంకర పని. తొడుగు మీది చిరుగు కొబ్బరి మట్ట పని. మరి రెక్క సంగతి?

ఊడిన రెక్క అంచును వేలితో తడిమి చూడండి. మెత్తగా, కొంచెం ఉబ్బినట్టు ఉందా? మిగిలిన రెండు రెక్కలను కంటి ఎదుట నిలబెట్టి, అంచు వెంట ఒక కన్ను మూసి చూడండి. ఒకటి అప్పడంలా వంగి ఉంది కదూ? దొరికాడు దొంగ!

రాకెట్టు లేచిన ప్రతిసారీ చుట్టూ నీళ్ళు చిమ్ముతాయి. దిగినప్పుడు అది తడి గడ్డి మీదే పడుతుంది. మీరు అట్టకు పైన రంగు వేశారు గాని, కత్తితో కోసిన అంచులను వదిలేశారు. అట్ట లోపల ఉన్నవన్నీ సన్నని పీచులు. వాటి మధ్య సందులు దీపపు వత్తిలా నీటిని లోపలికి పీల్చుకుంటాయి. తడిసిన పీచు లావెక్కుతుంది. ఒకవైపు ఎక్కువ, ఇంకోవైపు తక్కువ తడిస్తే అట్ట వంగుతుంది. రెక్కను అతికించిన తెల్ల జిగురు కూడా నీటికి మెత్తబడే రకమే. మొదటిసారి తడిసింది, రెండోసారి నానింది. మూడోసారి వంగిన రెక్క పడవకు చుక్కానిలా పనిచేసి రాకెట్టును పక్కకు తిప్పింది.

అంటే తప్పు పంపుది కాదు, గాలిదీ కాదు. పైపూతది. రాకెట్టు మీద వేసే పూత అందం కోసమని చాలామంది అనుకుంటారు. ఇంజనులో మర ఎలాగో ఇదీ అలాంటి పనిముట్టే.

సీసా జోలికి పోవద్దు

మరమ్మతులో మొదటి నియమం కొంచెం వింతగా ఉంటుంది. సీసాకు మరమ్మతు లేదు. గీత పడినా, సొట్టపడినా, మబ్బు పట్టినట్టు తెల్లని మచ్చ కనిపించినా తీసి పారేయడమే. దాన్ని గరుకు కాగితంతో రుద్దకూడదు. థిన్నరు, అసిటోను తగలనివ్వకూడదు. వేడి జిగురు పెట్టకూడదు. ఈ ప్లాస్టిక్కు సుమారు 75 డిగ్రీల దగ్గరే మెత్తబడడం మొదలుపెడుతుంది.

ఇంత పట్టింపు ఎందుకో లెక్క వేసి చూడండి. పంపు గేజి 57 దగ్గర ఉందనుకుందాం. అంటే లోపలి గాలి ప్రతి చదరపు సెంటీమీటరు మీద 4 కిలోల బరువుతో బయటికి తోస్తోంది. సీసా మధ్య నుంచి ఒక సెంటీమీటరు ఎత్తున్న గాజులాంటి ఉంగరాన్ని ఊహించుకోండి. దాన్ని రెండు సగాలుగా చీల్చాలని చూసే బలం 11 × 1 × 4, అంటే 44 కిలోలు. ఆ బలాన్ని అటొక గోడ, ఇటొక గోడ చెరిసగం మోయాలి. అంటే 0.3 మిల్లీమీటర్ల మందం, సెంటీమీటరు వెడల్పు ఉన్న ప్లాస్టిక్ పట్టీ మీద 22 కిలోలు వేలాడుతున్నాయన్నమాట! అక్కడ గరుకు కాగితం 0.1 మిల్లీమీటరు లోతు గీత పెడితే మూడో వంతు మందం పోయినట్టే. పైగా చీలిక ఎప్పుడూ గీత దగ్గరే మొదలవుతుంది. గుడ్డ చింపేముందు అంచున చిన్న గాటు ఎందుకు పెడతారో మీకు తెలుసుగా!

పైకి చిన్నగా కనిపించే దెబ్బను చూసి "ఏం కాదులే" అనుకోవడం ఎంత ప్రమాదమో 2003లో ప్రపంచమంతా చూసింది. ఆ ఏడాది జనవరి 16న కొలంబియా వ్యోమనౌక లేచిన 82 సెకన్లకు, ఇంధనపు తొట్టి మీది నురగ ముక్క ఒకటి ఊడి ఎడమ రెక్క అంచుకు తగిలింది. ముక్క బరువు కిలో కూడా లేదు. ఫిబ్రవరి 1న తిరిగి వస్తుండగా ఆ చోటునుంచి వేడి గాలి లోపలికి చొరబడి నౌక ముక్కలైపోయింది. కల్పనా చావ్లాతో సహా ఏడుగురు మరణించారు.

సీసా బాగున్నదో లేదో పరీక్షించే ఉపాయం ఒకటుంది. పెద్దవాళ్ళు దగ్గరుండగా సీసాను అంచుదాకా నీళ్ళతో నింపి, గోనె కప్పి, 80 దాకా పంపు కొట్టండి. నీరు గాలిలాగా నొక్కుకుపోదు. అందుకే నీటితో నిండిన సీసా పగిలినా "ఫట్" మని చీలి ఊరుకుంటుంది. గాలితో నిండిన సీసా అలా కాదు, బాంబులా పేలుతుంది. నిజమైన రాకెట్ల మోటారు కవచాలను కూడా నీటితో నింపే పీడన పరీక్ష చేస్తారు. పరీక్ష నెగ్గిన సీసాను ఎగరవేసేటప్పుడు గేజి 60 దాటనివ్వకండి.

పైపూత పనులన్నీ తొడుగు మీదే ఎందుకు చేయాలో ఇప్పుడు తెలిసింది కదా? తొడుగును సీసా నుంచి బయటికి లాగి, విడిగా మరమ్మతు చేసి, బాగా ఆరాక మళ్ళీ తొడగండి.

రెక్క అతకడం

వంగిన రెక్కను సరిచేయాలని చూడకండి, కొత్తది కోయండి. పాతదాన్ని అచ్చుగా పెట్టుకోండి. అంచులను గరుకు కాగితంతో రుద్దండి. వడ్రంగులు దీన్నే ఉప్పుకాగితం అంటారు. గాలిని ఎదుర్కొనే అంచు గుండ్రంగా, వెనక అంచు పలచగా ఉండాలి.

రుద్దగానే అట్ట మీద నూగు లేస్తుంది. గోదావరి జిల్లాల్లో చేనేత పేటల్లో తిరిగినవారు చూసే ఉంటారు. పడుగును సాగదీసి కట్టి, గంజి పట్టించి, కుంచెతో దువ్వుతారు. నూలు మీది నూగు అణిగి దారం గట్టిపడుతుంది. మనం చేయవలసినదీ అదే. పలచగా నీళ్ళు కలిపిన తెల్ల జిగురు ఒక పూత పూయండి. ఆరాక సన్న గరుకు కాగితంతో తేలిగ్గా రుద్దండి. దానిమీద వార్నిష్ వేయండి, అంచులకు రెండుసార్లు. నీరు చొరబడేది అంచుల నుంచేనని మరిచిపోకండి.

ఇక అతకడం. రెక్క నిటారుగా లేకపోతే ఎంత నునుపు చేసినా దండగే. తొడుగు చుట్టూ ఒక కాగితపు పట్టీ చుట్టి, చుట్టుకొలత దగ్గర కత్తిరించి, మూడు సమాన భాగాలుగా మడవండి. ఆ మడతల దగ్గర తొడుగు మీద గుర్తులు పెట్టండి. గుర్తునుంచి పైకి తిన్నని గీత గీయాలి. గొట్టం మీద స్కేలు నిలవదు కదా, ఎలా? తలుపు చట్రం లోపలి మూలలో గొట్టాన్ని ఆనించి, చట్రం అంచు వెంట పెన్సిలు లాగండి. గీత తిన్నగా వస్తుంది. ఆ గీత మీద రెక్కను నిలిపి, పుస్తకాలు ఆసరా పెట్టి, రాత్రంతా కదపకండి. తెల్లవారాక రెక్కకూ, తొడుగుకూ మధ్య మూలలో మరికొంచెం జిగురు వేసి, తడి చిటికెన వేలితో ఒక్కసారి లాగండి. మూల గుండ్రంగా పూడుతుంది. అతుకు గట్టిపడుతుంది. మూలల్లో గాలి సుడులు తిరగడం కూడా తగ్గుతుంది. ఆ జిగురు మీద కూడా వార్నిష్ తప్పదు.

కొండపల్లి వారి మక్కు

ముక్కు మీది సొట్ట ఎలా పూడ్చాలి? ఇళ్ళకు రంగులు వేసేవారి లప్పం గుర్తొస్తుంది గాని, అది బరువు. గోడకు బరువైతే ఏం, రాకెట్టుకు పనికిరాదు. మనవారే కనిపెట్టిన మంచి పదార్థం ఒకటుంది.

కొండపల్లి బొమ్మలను తేలికైన తెల్ల పొనికి చెక్కతో చేస్తారు. ఏనుగు తొండం, మనిషి చేయి, పల్లకి బొంగు, అన్నీ విడివిడిగా చెక్కి అతికిస్తారు. ఆ అతుకులను పూడ్చే ముద్ద పేరు మక్కు. చింతపిక్కల పొడితో జిగురు కాచి అందులో రంపపు పొట్టు కలుపుతారు. అది ఆరాక నునుపు చేసి తెల్ల సుద్ద పూసి, ఆ తెలుపు మీద రంగులు వేస్తారు. అతుకు ఎక్కడుందో వెతికినా కనిపించదు. పూడ్చడం, రుద్దడం, తెల్లపూత, రంగు. నమూనా రాకెట్ల పుస్తకాలు చెప్పే వరస కూడా సరిగ్గా ఇదే.

చింతపిక్కలు దంచే ఓపిక లేకపోతే తెల్ల జిగురులో సుద్దపొడి, జల్లించిన రంపపు పొట్టు కలిపి ముద్ద చేయండి. ఒకేసారి మందంగా మెత్తవద్దు. ఇందులో నీరుంది. అది ఆవిరైపోగానే ముద్ద కుంగి, నెర్రెలు విచ్చుతుంది. పలచగా వేసి, ఆరనిచ్చి, మళ్ళీ వేయండి. మూడు విడతల్లో సొట్ట మాయమవుతుంది.

ముక్కును థెర్మోకోలుతో చెక్కినవారు ఒక సంగతి గుర్తుంచుకోవాలి. ఎనామిలు రంగుగాని, థిన్నరుగాని నేరుగా తగిలితే థెర్మోకోలు ఉప్పులా కరిగిపోతుంది. ముందు చిన్న చిన్న కాగితపు ముక్కలను జిగురుతో రెండు వరుసలు అతికించి, దానిమీద మక్కు, ఆపైన రంగు వేయాలి. ముక్కును సూదిలా చెక్కాలని కూడా ఉబలాటపడకండి. ధ్వనికంటే తక్కువ వేగంలో వెళ్ళేవాటికి కోడిగుడ్డు మొనలాంటి గుండ్రని ముక్కే మేలు. ఎవరి నెత్తిమీదైనా పడితే కూడా అదే మేలు!

ఎంత నునుపు?

ఇక్కడే చాలామంది వారం రోజులు వృథా చేసుకుంటారు. నునుపు వల్ల నిజంగా లాభముందా? ఉంటే ఎంత?

నీళ్ళన్నీ చిమ్మేశాక మీ రాకెట్టు వేగం సెకనుకు 30 మీటర్లు అనుకుందాం. అంటే గంటకు 108 కిలోమీటర్లు. ఖాళీ రాకెట్టు బరువు 150 గ్రాములు. గాలే లేకపోతే అక్కడినుంచి ఇంకా 46 మీటర్లు పైకి పోతుంది. గాలి ఉంది కాబట్టి అంత పోదు. సొట్ట ముక్కు, వంకర రెక్కలు, లేచిపోయిన అతుకులు ఉన్న రాకెట్టుకు నిరోధ గుణకం 0.5 అనుకుంటే, ఆ వేగం దగ్గర గాలి దాన్ని 260 గ్రాముల బరువుతో వెనక్కి నెడుతుంది. రాకెట్టు సొంత బరువు కంటే అది ఎక్కువ! అప్పుడు అది 27 మీటర్లు మాత్రమే ఎక్కుతుంది. అన్నీ సరిచేసి గుణకాన్ని 0.3కు దించితే 31 మీటర్లు పైనే. అదే సీసా, అన్నే నీళ్ళు, అంతే పంపు. రెండంతస్తుల మేడలో ఒక అంతస్తుకు పైగా లాభం.

ఈ లాభమంతా గరుకు కాగితం వల్లనే కాదు సుమా! ఎక్కువ భాగం ముక్కు ఆకారం, రెక్కల తిన్నదనం, అతుకుల వల్ల వస్తుంది. మిగిలింది ఉపరితలపు నునుపు. దానికి కూడా ఒక హద్దుంది.

కదిలే వస్తువును అంటుకుని గాలి పలచని పొరలా ఉంటుంది. వస్తువు మీద ఉన్న గాలి దానితోపాటే పోతుంది, కొంచెం దూరంగా ఉన్న గాలి నిలిచే ఉంటుంది. ఈ రెంటి మధ్య ఉన్నది సరిహద్దు పొర. గరుకు గింజలు ఈ పొర అడుగున మునిగి ఉన్నంతవరకు గాలికి వాటి సంగతి తెలియదు. పొరలోంచి తల పైకెత్తితేనే చిక్కు. మీ రాకెట్టు వేగానికి ఆ హద్దు సుమారు 0.05 మిల్లీమీటరు. అంటే సన్నని తల వెంట్రుకంత. వేగం పదింతలైతే హద్దు పదో వంతవుతుంది. అందుకే వేగంగా పోయేవాటికి నునుపు మరింత అవసరం.

కొలిచే పరికరం మీ చేతిలోనే ఉంది. కళ్ళు మూసుకుని ముక్కు నుంచి తోక దాకా గోరు లాగండి. గోరు తట్టుకున్న చోటే రుద్దవలసిన చోటు. 120 నంబరు కాగితంతో మొదలుపెట్టి, 220 వేసి, 400 దగ్గర ఆపేయండి. సరిహద్దు పొర ముక్కు దగ్గర చాలా పలచగా ఉండి, వెనక్కి పోయేకొద్దీ మందమవుతుంది. కాబట్టి ఓపికంతా ముందు సగం మీద ఖర్చుపెట్టండి. తొడుగు పొడవునా ఉన్న అతుకు గాలి పోయే దారిలోనే ఉంది, దానివల్ల పెద్ద నష్టం లేదు. ముక్కు కింద అడ్డంగా చుట్టిన టేపు అంచు మాత్రం గాలికి గట్టులా అడ్డుపడుతుంది.

అంతకు మించిన మెరుపు మీ కంటి కోసం, అందులో తప్పేమీ లేదు. పెద్దాపురం నుంచి విశాఖ వైపు వెళ్తే వరాహ నది ఒడ్డున ఏటికొప్పాక ఉంది. అక్కడ అంకుడు కర్రను తరిణె మీద తిప్పుతూ, లక్క కడ్డీని ఒత్తి, ఆ ఒరిపిడి వేడికే కరిగేలా పూస్తారు. తరువాత మొగలి ఆకుతో మెరుగు పెడతారు. ఆ బొమ్మలో మీ ముఖం చూసుకోవచ్చు. దాన్ని చేతిలో పట్టుకున్నవాడు "ఇంత నునుపు దేనికి" అని అడగడు.

రంగు కూడా బరువే

తొడుగు పొడవు 30, చుట్టుకొలత 35 సెంటీమీటర్లు అయితే వైశాల్యం 1050 చదరపు సెంటీమీటర్లు. పలచని ఎనామిలు పూత ఆరాక 0.03 మిల్లీమీటరు మందం ఉంటుందనుకుంటే ఒక్క పూత బరువు సుమారు 4 గ్రాములు. మూడు పూతలకు 12 గ్రాములు. లావు కుంచెతో మెత్తితే ఒక్క పూతకే 14 గ్రాములు కావచ్చు.

ఇంత చిన్న లెక్క పెద్దవారికి కూడా అవసరమైంది. అమెరికా వ్యోమనౌక పెద్ద ఇంధనపు తొట్టికి 1981లో జరిగిన మొదటి రెండు ప్రయాణాల్లో తెల్లరంగు వేశారు. మూడోసారి నుంచి మానేశారు. సుమారు 270 కిలోల బరువు తగ్గింది! ఆ తరువాత ఫోటోల్లో తొట్టి ఇటుక రంగులో కనిపించేది అందుకే.

బరువు ఎంత అన్నదానికంటే ఎక్కడ అన్నది ఇంకా ముఖ్యం. నేను ఒకసారి కిటికీలకు వేయగా మిగిలిన నీలం ఎనామిలు చూసి ఆశపడి, రెక్కలకు ఐదు పూతలు వేశాను. అద్దంలా మెరిశాయి. రాకెట్టు ఐదు మీటర్లు లేచి, గాలిలోనే పిల్లిమొగ్గ వేసి, నా వైపే వచ్చింది. తోక బరువెక్కి గురుత్వ కేంద్రం వెనక్కి జరిగింది. గాలి తోపుడు సరితూగే చోటును పీడన కేంద్రం అంటారు. గురుత్వ కేంద్రం దానికంటే ముక్కువైపు, కనీసం ఒక వ్యాసమంత ముందు ఉండాలి. లేకపోతే ముక్కేదో తోకేదో రాకెట్టుకు తెలియదు. దీపావళి తారాజువ్వకు అంత పొడవు పుల్ల ఎందుకు కడతారనుకున్నారు?

రంగు వేశాక ఈ పరీక్ష తప్పనిసరి. ఖాళీ రాకెట్టును దారంతో కట్టి, అడ్డంగా సరితూగే చోట ముడి వేయండి. దారం రెండు మీటర్లు వదిలి తల చుట్టూ తిప్పండి. ముక్కు ముందుకు చూస్తూ తిరిగితే సరే. తోక ముందుకొచ్చినా, అడ్డదిడ్డంగా దొర్లినా ముక్కు లోపల కొంచెం బంకమన్ను అంటించి మళ్ళీ తిప్పండి.

ఇంక ఏ రంగు? పచ్చరంగు మాత్రం వద్దు. వరిచేలో పడితే ఇక దొరకదు. నారింజ, ఎరుపు అయితే దూరానికి కనిపిస్తాయి. తొడుగును నిలువునా నాలుగు భాగాలు చేసి ఒకటి తెలుపు, ఒకటి నలుపుగా వేస్తే రాకెట్టు గాలిలో తన చుట్టూ తాను తిరుగుతోందో లేదో కింద నుంచే తెలుస్తుంది. జర్మనీవారి వి-2 రాకెట్టు మీది నలుపు తెలుపు గళ్ళు ఈ పనికే.

మళ్ళీ మైదానానికి

బాగైందని చెప్పడానికి కంటి చూపు చాలదు, కొలత కావాలి. పీఠానికి 30 మీటర్ల దూరంలో ఒకరిని నిలబెట్టండి. పెద్ద కోణమానిని మధ్య నుంచి దారానికి రాయి కట్టి వేలాడదీసి, రాకెట్టు శిఖరానికి చేరినప్పుడు కోణం చూడమనండి. 45 డిగ్రీలైతే ఎత్తు 30 మీటర్లు. 40 డిగ్రీలైతే 25. దానికి చూసేవారి కంటి ఎత్తు కలపాలి. ప్రతిసారీ అన్నే నీళ్ళు, గేజి మీద అదే అంకె. ఐదుసార్లు ఎగరేసి సగటు తీయండి. ప్రతిసారి దిగాక తొడుగు తుడిచి, రెక్కల అంచులు వేలితో తడిమి చూడండి. మెత్తబడితే ఆ రోజుకు ఆపేయండి.

ఏటా అక్టోబరు 4 నుంచి 10 దాకా ప్రపంచ అంతరిక్ష వారోత్సవాలు జరుగుతాయి. 1957లో స్పుత్నిక్ లేచినది అక్టోబరు 4నే. ఆ వారం మీ బడిలో ఈ రాకెట్టును ఎగరవేస్తే, దాని పక్కన మీ నోటుపుస్తకం కూడా పెట్టండి. మొదటి పేజీలో ఆ వంగిన పాత రెక్కను అతికించండి.

సరే, అందరూ పదిహేను మీటర్ల వెనక్కి జరగండి. కళ్ళద్దాలు పెట్టుకున్నారా? పంపు 50 దగ్గర ఆపండి. తాడు ఎవరి చేతిలో ఉంది?